ఐదేళ్లుగా వాడుతున్న జీతాల యాప్: నాకు నచ్చిన నాలుగు లైన్లు, నేను చదవని ఒక లైను

ఈ యాప్ గురించి రాయాలని మూడేళ్ల కిందటే అనుకున్నాను. అప్పుడే రాసి ఉంటే మొత్తం పొగడ్తే అయ్యేది. మధ్యలో ఒకటి జరిగింది కాబట్టి ఇప్పుడు రెండూ రాస్తున్నాను. యాప్ పేరు మాత్రం చెప్పను. హాజరు వేయడం, జీతం లెక్క కట్టడం, బ్యాంకుకు ఫైలు తయారుచేయడం ఇలాంటివి ఏ యాప్ అయినా చేస్తుంది. వాటి జోలికి పోను.

మాది అనంతపురం కమలానగర్‌లో చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్. మెషిన్ల సంగతి మా ఆయన చూసుకుంటారు, లెక్కలు నేను చూస్తాను. మా దగ్గర పద్నాలుగు మంది పనిచేస్తారు. బిల్లు బుక్కులు, పెండ్లి పత్రికలు, కాలేజీ రికార్డులు, బడులు తెరిచే ముందు నోటు పుస్తకాలు, ఇదీ మా పని. ఇరవై మంది లేరు కాబట్టి పీఎఫ్ లేదు. పది దాటారు కాబట్టి ఈఎస్ఐ ఉంది, అంటే జబ్బు చేస్తే వైద్యం, సెలవు డబ్బు ఇచ్చే ప్రభుత్వ బీమా. 2021 ఏప్రిల్ నుంచి జీతాలన్నీ ఈ యాప్‌లోనే చేస్తున్నాం.

నాకు ఇందులో ప్రాణం అనిపించేది ఒక్కటే. జీతం స్లిప్పు కింద వచ్చే అడ్వాన్సు లెక్క.

అడ్వాన్సు గురించి బయటివాళ్లకు చెప్పినా అర్థం కాదు. మాలాంటి చోట జీతం కన్నా అదే పెద్ద విషయం. నెలలో పదో తేదీ దాటిందంటే ఎవరో ఒకరు నా టేబుల్ దగ్గరకు వచ్చి నిలబడతారు. చీటీ కట్టాలి, గ్యాస్ బండ అయిపోయింది, పిల్లోడికి ఫీజు కట్టాలి, ఊర్లో జాతర. "అక్కా, ఒక వెయ్యి" అంటారు. ఇస్తాం. ఇవ్వకుండా ప్రెస్ నడవదు. అయితే ఇచ్చింది రాసుకోవడం, నెలనెలా కొంచెం పట్టుకోవడం, ఎంత మిగిలిందో ఇద్దరూ ఒకే మాట చెప్పడం, ఇక్కడే అన్నీ తెగేవి.

యాప్ రాకముందు మాకు పొడుగాటి జీతాల పుస్తకం ఒకటి ఉండేది. సంతకాలు, వేలిముద్రలు అన్నీ దాంట్లోనే. అడ్వాన్సులు మాత్రం దాంట్లోకి ఎక్కేవి కావు. మా ఆయన జేబులో చీటీ మీద కొన్ని, గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో పెన్సిల్‌తో కొన్ని, నా ఫోన్‌లో కొన్ని ఉండేవి. కటింగ్ మెషిన్ దగ్గర పనిచేసే పెద్దాయన మా మామగారు ట్రెడిల్ తొక్కించిన రోజుల నుంచీ ఉన్నాడు. 2020 సంక్రాంతి ముందు ఆయన 5,000 తీసుకున్నాడు. మార్చిలో లెక్క చూస్తే, 2,000 తీర్చేశానని ఆయన అంటాడు, 1,500 అని నేనంటాను. ఐదు వందల దగ్గర పట్టుపట్టింది నేనే. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. కటింగ్ మెషిన్ మీద చేయి పెట్టి, "నీకు అబద్ధం చెప్పి నేనేం చేసుకుంటానమ్మా" అన్నాడు. ఆ రాత్రి క్యాలెండర్ వెతికాను. జనవరి కాగితం ఎప్పుడో చింపేశాం. ఇంకు తుడవడానికి వాడేసినట్టున్నారు. ఐదు వందలు వదిలేశాను. ఆ మాట మాత్రం చాలా రోజులు నాలో ఉండిపోయింది.

యాప్ వచ్చాక ప్రతి నెలా 5వ తేదీన జీతం బ్యాంకులో పడగానే ప్రతి ఒక్కరి వాట్సాప్‌కు తెలుగులో స్లిప్పు వెళ్తుంది. దాని అడుగున నాలుగు లైన్లు ఉంటాయి. పాత అడ్వాన్సు బాకీ 6,000. ఈ నెల తీసుకున్నది 1,500. ఈ నెల పట్టినది 1,000. మిగిలిన బాకీ 6,500. అంతే. ఆ నాలుగు లైన్లు వచ్చిన రోజు నుంచీ ఈ ఐదేళ్లలో అడ్వాన్సు గురించి మా ప్రెస్‌లో ఒక్క గొడవ జరగలేదు. పెద్దాయనకు చిన్న అక్షరాలు కనబడవు. మనవడి చేత చదివించుకుంటాడు. మొదటి నెల స్లిప్పు వచ్చిన మర్నాడు పొద్దున్నే వచ్చి, "లెక్క సరిగ్గా ఉండాదమ్మా" అని చెప్పి మెషిన్ దగ్గరకు పోయాడు. ఆ ఒక్క మాటకే ఏడాది చందా చెల్లిపోయిందనిపించింది నాకు.

ఇంకో సంగతి. జీతంలోంచి కోతలన్నీ కలిపి మామూలుగా సగానికి మించకూడదని చట్టం చెబుతుంది. ఒకసారి ఉగాది నెలలో ఒక హెల్పర్ రెండుసార్లు అడ్వాన్సు తీసుకున్నాడు. వచ్చే నెల ఎక్కువ పట్టేయమని తనే అన్నాడు. నేను అంకె వేయగానే యాప్ ఎర్రగా చూపించి ఆపింది, సగం దాటిందని. ఆ పిల్లోడు ఆ నెల ఇంటికి ఏం పట్టుకెళ్తాడో నేను ఆలోచించలేదు, యాప్ నాకు గుర్తు చేసింది. అప్పటి నుంచి దీన్ని పూర్తిగా నమ్మేశాను. పూర్తిగా అని ఊరికే అనడం లేదు.

ఇక జరిగింది చెబుతాను.

మా పెద్ద మెషిన్ ఆపరేటర్ రాప్తాడు నుంచి బండి మీద వస్తాడు. మంచి పనిమంతుడు. 2023లో ఆయన నెల జీతం 19,000. ఈఎస్ఐకి పరిమితి 21,000 కాబట్టి అందులో ఉన్నాడు. నెలకు ఆయన వాటా 0.75 శాతం, అంటే 143 రూపాయలు. మా వాటా 3.25 శాతం, 618 రూపాయలు. ఆ ఏడాది జూన్‌లో నోటు పుస్తకాల ఆర్డర్లు మీద పడ్డాయి. రాత్రి పదింటి దాకా మెషిన్ ఆడేది. ఆయనకు 22 గంటల ఓటీ, అంటే ఓవర్‌టైం, వచ్చింది. ఓటీకి రెట్టింపు లెక్క కాబట్టి నాలుగు వేల పైచిలుకు కలిసి ఆ నెల జీతం 23,019 అయింది.

ఆ స్లిప్పు ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. వృత్తి పన్ను 200. మామూలుగా ఆయనకు 150 పడేది. ఇరవై వేలు దాటింది కాబట్టి 200, అది సరే. దాని కింద లైను, ఈఎస్ఐ 0. దాని కింద నా నాలుగు లైన్లు, అన్నీ కరెక్టుగా.

జీతం పడిన రోజు సాయంత్రం ఆయనే అడిగాడు. "అక్కా, ఈసారి ఈఎస్ఐ పట్టలేదే?"

"జీతం ఎక్కువొచ్చింది కదా, పరిమితి దాటుంటుంది" అన్నాను.

"అట్లయితే మంచిదే" అని నవ్వి పోయాడు. నాకూ మంచిదే అనిపించింది. పెద్ద మొత్తం కాదు గానీ మా వాటా కూడా మిగిలింది కదా.

జూలైలో ఓటీ లేదు. జీతం మళ్లీ 19,000. అయినా ఈఎస్ఐ 0 అనే వచ్చింది. ఆగస్టులోనూ అంతే, సెప్టెంబర్‌లోనూ అంతే. ఒకసారి పరిమితి దాటాడని యాప్ ఆయన్ని ఈఎస్ఐలోంచి తీసేసి అలాగే ఉంచేసింది. అక్టోబర్‌లో కొత్త అర్ధ సంవత్సరం మొదలు కాగానే మళ్లీ లెక్క చూసుకుని తనంతట తనే చేర్చుకుంది. స్లిప్పులో 143 మళ్లీ కనబడింది. ఎవరికీ అనుమానం రాలేదు. మా ఈఎస్ఐ పనులు చూసే ఆయనకు యాప్ ఇచ్చిన ఫైలే పంపుతాం, ఆయన పోర్టల్‌లో ఎక్కిస్తారు. జాబితాలో మా వాళ్లు పదకొండు మంది ఉండాలి. నాలుగు నెలలు పది మందికే కట్టాం. ఆయన లెక్కపెట్టలేదు, నేనూ లెక్కపెట్టలేదు. ఆ నాలుగు నెలలూ నేను స్లిప్పులు చూడకపోలేదు. అడుగున ఉన్న నాలుగు లైన్లే చూశాను.

2024 ఫిబ్రవరిలో ఒక సెలవు రోజు రాత్రి రాప్తాడు దగ్గర ఆపరేటర్ బండికి కుక్క అడ్డం వచ్చింది. ఎడమ కాలు విరిగింది. పెద్దాసుపత్రిలో కట్టు కట్టి ఆరు వారాలు కదలొద్దన్నారు. చూడ్డానికి వెళ్లాం. ఇద్దరు చిన్న పిల్లలు, ఇంటి బాడుగ, చీటీ. భార్య మంచం పక్కనే నిలబడి ఉంది. ఆమెతో నేనే చెప్పాను. "టెన్షన్ పడొద్దమ్మా, ఈఎస్ఐ ఉంది. జీతంలో 70 శాతం దాకా ఇస్తారు. ఏడాదిలో 91 రోజుల దాకా ఇస్తారు" అని. వివరంగా చెప్పాను, ధైర్యంగా చెప్పాను. నాకు తెలిసిన విషయమే కదా.

ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ తెచ్చుకుని, కాగితాలన్నీ పట్టుకుని ఆమే ఆఫీసుకు వెళ్లింది. అటు నుంచి నేరుగా ప్రెస్‌కు వచ్చింది. లోపలికి రాలేదు, పేపర్ రీములు దించే గుమ్మం దగ్గరే నిలబడింది. చేతిలో కాగితం, దాని మీద పెన్నుతో రాసిన రెండు అంకెలు: 78, 52.

"అక్కా, రోజులు చాలవంట" అంది.

ఆ రోజు సాయంత్రం కూర్చుని తెలుసుకున్నాను, ముందే తెలుసుకోవాల్సింది. జబ్బు సెలవు డబ్బు ఇప్పుడు కడుతున్న నెలలను చూసి ఇవ్వరు. జనవరి నుంచి జూన్ లోపల జబ్బు పడితే, అంతకు ముందు ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు కట్టిన రోజులు చూస్తారు. ఆ ఆరు నెలల్లో కనీసం 78 రోజులు ఉండాలి. ఆయనకు ఏప్రిల్‌లో 26, మేలో 26, మొత్తం 52. జూన్ నుంచి సున్నా. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా కట్టిందంతా ఈ కాలు విరిగిన దానికి పనికిరాదు. ఆఫీసులో వాళ్ల తప్పేమీ లేదు. వాళ్ల స్క్రీన్ మీద ఉన్నది వాళ్లు చెప్పారు.

యాప్ చేసింది ఒక తప్పు కాదు, రెండు. ఈఎస్ఐలో ఒక మనిషి ఉంటాడా లేడా అన్నది తేల్చడానికి ఓటీని లెక్కలోకి తీసుకోకూడదు. 21,000 అన్నది ఓటీ లేకుండా చూడాలి. అయితే అప్పటి నియమం ప్రకారం ఈఎస్ఐ చందా కట్టేటప్పుడు మాత్రం ఓటీ మీద కూడా కట్టాలి. ఇది మొదటిది. రెండోది, మధ్యలో నిజంగానే జీతం పెరిగి పరిమితి దాటినా, ఆ అర్ధ సంవత్సరం అయిపోయేదాకా, అంటే సెప్టెంబర్ చివరి దాకో మార్చి చివరి దాకో, కడుతూనే ఉండాలి. మధ్యలో తీసేయడానికి లేదు. ఏ రకంగా చూసినా జూన్‌లో ఆయన్ని తీసేయకూడదు.

ఆ నాలుగు నెలలకు కట్టాల్సింది ఎంతో ఆ రాత్రే వేసి చూశాను. జూన్‌కు ఓటీతో కలిపి ఆయన వాటా 173, మాది 749. మిగతా మూడు నెలలకు ఆయనది 429, మాది 1,854. అంతా కలిపి 3,205 రూపాయలు. దీనికోసం ఆయనకు రావాల్సిన డబ్బు పోయింది. రోజు సగటు జీతం 730 చిల్లర, అందులో 70 శాతం 511. మొదటి రెండు రోజులు ఇవ్వరు కాబట్టి 40 రోజులకు 20,000 పైచిలుకు. కాలు కట్టుతో మంచం మీద ఉన్న మనిషికి అదెంత డబ్బో నేను చెప్పక్కర్లేదు.

మా ఆయనా నేనూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఆ డబ్బు మేమే ఇచ్చాం, వారం వారం, శనివారం సాయంత్రం ఇంటికి పంపించి. అడ్వాన్సు కింద రాయలేదు. నాలుగు నెలల ఈఎస్ఐ చందా ఏడాదికి 12 శాతం వడ్డీతో కట్టాం. ఆయన వాటా కూడా మేమే పెట్టుకున్నాం. ఆ నెల జీతంలో పట్టనిది తర్వాత నెలల్లో పట్టుకోవడానికి వీల్లేదు, పట్టుకోవాలని మాకూ లేదు. కట్టు విప్పాక మెషిన్ ఎక్కిన మొదటి రోజు ఆయన నాతో అన్నది ఒకే ఒక్క మాట. "ఆ నెల నేను అడిగితిని గదక్కా." కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. నిజమే, అడిగాడు. స్లిప్పు చెప్పింది, ఆయన చదివాడు, నాకు చెప్పాడు. నేనే యాప్‌ను నమ్మి ఆయన మాటను దాటేశాను.

కంపెనీ వాళ్లకు ఫోన్ చేస్తే మొదట ఒక అబ్బాయి హిందీలో "గ్రాస్ 21,000 దాటింది కాబట్టి సిస్టమ్ తీసేసింది మేడం" అన్నాడు. సరిగ్గా చేసినట్టే చెప్పాడు. రెండోసారి ఇంకొకరు, మళ్లీ మొదటి నుంచి. మూడోసారి నియమం కాగితం మీద రాసి, పాత స్లిప్పులు జోడించి పంపితే అప్పుడు ఎవరో పెద్దావిడ ఫోన్ చేసి విన్నారు. మర్యాదగా మాట్లాడారు, తప్పేనన్నారు. రెండు నెలల తర్వాత సరిచేసిన వెర్షన్ వచ్చింది. సెట్టింగ్స్ లోపల లోపల ఎక్కడో ఒక గడి పెట్టారు, "ఈఎస్ఐ పరిమితికి ఓటీని కలపవద్దు" అని. నాకు కడుపు మండింది ఎక్కడంటే, ఆ గడిలో టిక్ లేకుండా ఖాళీగా ఇచ్చారు. మనమే వెతికి టిక్ పెట్టుకోవాలి. చట్టం ప్రకారం ఉండాల్సింది అడిగినవాళ్లకు మాత్రమే ఎందుకు? నేను అడిగినట్టు అడగని వాళ్ల దగ్గర ఎంత మంది ఆపరేటర్లు ఇలా బయట పడిపోయి ఉంటారో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఇలాంటి యాప్ ఏది వాడుతున్నా మీరు ఈ ఒక్కటి చూసుకోండి. గడి పేరు ఏదైనా కావచ్చు. ఓటీ కలిసి పరిమితి దాటిన మనిషి ఆ నెల స్లిప్పు తీసి చూస్తే చాలు, తెలిసిపోతుంది.

ఆ రోజుల్లో మా ఆయన "మళ్లీ పుస్తకమే రాసుకుందాం" అన్నారు. నేను ఒప్పుకోలేదు. దానికి కారణం ఉంది. తప్పు ఏ నెలలో మొదలైందో, ఎంత కట్టాలో నాకు పది నిమిషాల్లో తెలిసింది అంటే అది యాప్ దాచిన స్లిప్పుల వల్లే. పుస్తకంలో అయితే జనవరి కాగితం లాగా అదీ ఎక్కడో పోయి ఉండేది. పుస్తకం రోజుల్లో మేం ఈఎస్ఐ సరిగ్గా కట్టామా అని అడిగితే నేను ప్రమాణం చేసి చెప్పలేను.

అయితే మొదట్లో అంత పొగిడిన ఆ నాలుగు లైన్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. బైండింగ్‌లో పనిచేసే అక్క ఒకామె ఉంది. నంబరింగ్ వేస్తూ, తలెత్తకుండా పనిచేస్తుంది. రెండేళ్ల కిందట ఆమె నన్ను పక్కకు పిలిచి 8,000 అడిగింది. తల్లికి కంటి ఆపరేషన్‌ట. ఇంట్లో చెప్పొద్దంది. పుట్టింటికి డబ్బు పంపితే భర్త ఒప్పుకోడు. సరేనని ఇచ్చాను, యాప్‌లో వేశాను, అంతే మామూలుగా. 5వ తేదీన స్లిప్పు వెళ్లింది. ఆమె వాట్సాప్ నంబరు భర్త ఫోన్‌ది. ఆ నాలుగు లైన్లు ఎంత తేటగా ఉంటాయో పైన చెప్పాను కదా, ఆయనకూ అంతే తేటగా కనబడ్డాయి. ఆమె రెండు రోజులు పనికి రాలేదు. వచ్చాక ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేకపోయాను.

ఒక మనిషికి మాత్రం అడ్వాన్సు లెక్క ఫోన్‌కు పంపకుండా ఆపుదామంటే యాప్‌లో వీలు లేదు. పంపితే అందరికీ, లేదంటే ఎవరికీ లేదు. ఇప్పుడు ఆమెకూ, సొంత ఫోన్ లేని ఇంకో ఇద్దరికీ నంబరు తీసేశాను. వాళ్ల స్లిప్పులు నేనే ప్రింటు తీసి చేతికిస్తాను. చదివాక ఆమె ఆ కాగితాన్ని మళ్లీ నాకే ఇచ్చేస్తుంది. నా టేబుల్ సొరుగులో ఆమె స్లిప్పులన్నీ ఒక క్లిప్పుకు ఉన్నాయి. కాబట్టి ఆ నాలుగు లైన్లు గొప్పవే, కానీ ఫోన్ ఎవరిదో తెలిసిన చోటనే.

చిన్న చిన్న విషయాలు కొన్ని. మన రాష్ట్రంలో కనీస వేతనాల డీఏ (కరువు భత్యం) ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మారుతుంది. యాప్ దాన్ని తనంతట తను మార్చదు. ఆ అంకెలు మేమే తెచ్చి వేసుకోవాలి. మొదటి ఏడాది నాకు ఇది తెలియక హెల్పర్ల జీతాలు రెండు నెలలు తక్కువ పడ్డాయి. తర్వాత బకాయి ఇచ్చాం. ఆయుధ పూజ రోజు ఇచ్చే బోనస్‌ను విడిగా చూపించే వీలుంది, అది బాగుంది. మా వాళ్లకు ఆ కాగితం ఇంట్లో చూపించుకోవడం ఇష్టం.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు (కేంద్రం తెచ్చిన కొత్త కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాక స్లిప్పు రూపం మారింది. అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటినదాన్ని కూడా వేతనం కిందే లెక్కపెట్టాలన్న నియమం దానికి కారణం. మాకు జీతాలు మొదటి నుంచీ ఎక్కువ భాగం బేసిక్‌లోనే ఉన్నాయి కాబట్టి పెద్ద తేడా రాలేదు. అలవెన్సులుగా ముక్కలు చేసి పెట్టుకున్నవాళ్లకు పని ఎక్కువే ఉంటుంది. పని మానేసిన మనిషికి రెండు పని దినాల్లో లెక్క తేల్చి ఇవ్వాలన్నది మాత్రం నాకు నచ్చింది. మొన్న జనవరిలో ఒక డీటీపీ కుర్రాడు బెంగళూరు పోతానని సోమవారం చెప్పాడు. పాత రోజుల్లో అయితే "నెలాఖరుకు రా, చూద్దాం" అనేవాళ్లం. ఇప్పుడు యాప్‌లో పేరు నొక్కితే పనిచేసిన రోజులు, మిగిలిన సెలవులు, 3,200 అడ్వాన్సు, అన్నీ ఒకే పేజీలో వచ్చాయి. బుధవారానికి డబ్బు ఖాతాలో పడింది. పోతూ పోతూ అందరికీ స్వీట్లు పంచి పోయాడు.

కొనాలా వద్దా అని అడిగితే నేను గట్టిగా చెప్పలేను, మా పరిస్థితి చెబుతాను. మేం పద్నాలుగు మందిమి. నెలలో ఒక సాయంత్రం పూర్తిగా దీనికే కూర్చోవడానికి నేను ఉన్నాను. 4వ తేదీ రాత్రి జాబితా కాగితం మీద ప్రింటు తీసుకుంటాను. ఈఎస్ఐలో పదకొండు పేర్లున్నాయా అని వేలు పెట్టి లెక్కపెడతాను. ఓటీ చేసినవాళ్ల పేర్లకు పెన్సిల్‌తో గీత గీసి, వాళ్ల లైను పైనుంచి కిందిదాకా చదువుతాను. ఇదంతా చేసే తీరిక ఎవరికీ లేని చోట ఇలాంటి యాప్ పెట్టి, అదే చూసుకుంటుందిలే అనుకుంటే మాకు జరిగిందే జరుగుతుంది. ఐదారుగురే ఉన్న షాపుకు అయితే మంచి పుస్తకం, అందులో అడ్వాన్సులకు వేరే పేజీ, అక్కడే సంతకం, ఇవి చాలు. పీఎఫ్ ఉన్నవాళ్లకు నా మాట ఎంతవరకు పనికొస్తుందో మీరే చూసుకోవాలి, ఆ భాగం మేం వాడలేదు.

ఆపరేటర్ ఇప్పుడు బాగానే నడుస్తున్నాడు. చలికాలంలో కాస్త నొప్పి అంటాడు, అంతే. ఆయన జీతం 2025 ఏప్రిల్‌లో పెంచాం, అయినా పరిమితి లోపలే ఉంది. ప్రతి నెలా స్లిప్పు రాగానే నా దగ్గరకు వచ్చి ఫోన్ చూపించి, "పడిందక్కా" అంటాడు. ఈఎస్ఐ గురించే. నేను కూడా చూసి తలూపుతాను.

ఈ ఏప్రిల్‌లో యాప్ చందా మళ్లీ కట్టాలి. మూడేళ్లకు ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామని కంపెనీ వాళ్లు పోయిన వారం ఫోన్ చేశారు. వద్దన్నాను. ఒక్క ఏడాదికే కడతానని చెప్పాను, ఫోన్ పెట్టే ముందు ఆ గడిలో టిక్ ఇప్పుడైనా ముందే పెట్టి ఇస్తున్నారా అని అడిగాను. కనుక్కుని చెబుతామన్నారు.